చెరువు, పిట్టలు, ఒక కౌలు కాగితం

ఈసారి పోస్టు కాస్త పొడుగు. పనులన్నీ అయ్యాక తీరిగ్గా చదవండి.

చలికాలం వస్తే మా వైపు నేలపట్టుకి పోయే కార్లు ఎక్కువవుతాయి. మెడలో దుర్భిణీలు, చేతిలో పొడుగు కెమెరాలు. వాళ్ళని చూసి కట్ట మీద కూర్చున్న మనోళ్ళు అనే మాట ఒకటే, "పనిలేనోళ్ళు, పిట్టల్ని లెక్కబెట్టుకుంటా తిరుగుతారు" అని. పిట్టల్ని చూడటం పట్నమోళ్ళ సరదా అనీ, రైతుకి దాంతో పనిలేదనీ అందరం అనుకుంటాం. చరిత్ర చూస్తే మాత్రం వ్యవహారం తిరగబడి ఉంది. మన దక్షిణ దేశంలో పిట్టల కోసం ఊరంతా ఒక్కటై సర్కారు దగ్గర కాగితం రాయించుకున్న తొలి మనుషుల్లో చెరువు కింద సేద్యం చేసుకునే రైతులున్నారు. పట్నంలో పిట్టల సంఘాలు పుట్టింది ఆ తర్వాత చాలా కాలానికి.

ఆ ఊరి పేరు వేడంతాంగల్. చెన్నై దాటి దక్షిణంగా పోతే మధురాంతకం దగ్గర, చెంగల్పట్టు జిల్లాలో ఉంది. తమిళంలో వేడన్ అంటే వేటగాడు. వేటగాడి ఊరు అని దాని పేరుకి అర్థం చెబుతారు. ఊరి చెరువు పెద్దదేం కాదు, సుమారు 74 ఎకరాలు. నీళ్ళలో మునిగినా చావని చెట్లు చెరువు లోపలే ఉన్నాయి. వానలు పడి చెరువు నిండితే ఆ చెట్లు దీవుల్లా అవుతాయి. కుక్క పోదు, నక్క పోదు. కొంగలు, నీటికాకులు, కంకణాలు వచ్చి గూళ్ళు కట్టి పిల్లల్ని చేసుకుంటాయి.

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో తెల్ల సిపాయిలు ఆ చెరువు మీదకి వచ్చి తుపాకులతో పిట్టల్ని కాల్చేవాళ్ళు. ఊరివాళ్ళు పోయి కలెక్టరు దగ్గర మొరపెట్టుకున్నారు. అప్పటి చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్. 1798లో ఆయన ఇక్కడ ఎవరూ పిట్టల్ని కాల్చరాదని ఉత్తర్వు ఇచ్చాడు. ఈ ప్లేస్ దొర చెరువుల విలువ తెలిసిన మనిషి. పక్కనే మధురాంతకం పెద్ద చెరువు కట్ట బాగు చేయించింది కూడా ఆయనే. తుపాను రాత్రి ఆ కట్ట తెగకుండా రామలక్ష్మణులే కాపలా కాశారనీ, అది దొర కళ్ళారా చూశాడనీ అక్కడి జనం ఇప్పటికీ కథ చెబుతారు. ఆ గుడికి "ఏరి కాత్త రామర్" అని పేరు. చెరువుని కాచిన రాముడు అని అర్థం.

వేడంతాంగల్ ఊరివాళ్ళ దగ్గర ఉన్న ఆ కాగితాన్ని ఏమన్నారో తెలుసా? కౌలు అన్నారు. మనం పొలం కౌలుకి తీసుకున్నాం అంటామే, ఆ మాటే. కౌలు అనేది అరబ్బీ నుంచి వచ్చింది. అసలు అర్థం మాట, ఇచ్చిన మాట. అంటే పిట్టల విషయంలో సర్కారు ఊరికి మాట ఇచ్చింది. ఊరివాళ్ళు ఆ కాగితాన్ని పారేసుకోలేదు. 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చినప్పుడు మళ్ళీ పోయి దాన్ని కొత్తగా రాయించుకున్నారు. 1936లో జిల్లా యంత్రాంగం మరోసారి గుర్తించింది. అడవి శాఖ, వన్యప్రాణి చట్టం, అభయారణ్యం బోర్డు, 2022లో రామ్‌సర్ గుర్తింపు, అన్నీ ఆ తర్వాత వచ్చినవే. 1972 చట్టం కన్నా ఆ ఊరి కౌలు కాగితం 174 ఏళ్ళు పెద్దది.

రైతులకి పిట్టల మీద అంత ప్రేమ ఎందుకు? జాలి ఉంది, కాదనను. గూటికొచ్చిన పిట్టని కొడితే పాపం అనే నమ్మకం మన పల్లెల్లో కూడా ఉంది. అయితే రైతు లెక్క ఇంకోటి కూడా ఉంది. అది రెట్ట.

పిట్ట రెట్టలో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. వేల పిట్టలు నెలల తరబడి చెట్ల మీద ఉంటే ఆ రెట్టంతా చెరువులో పడుతుంది. తూము ఎత్తితే నీళ్ళతోబాటే ఎరువూ పొలానికి పోతుంది. పిట్టలు పది ఊళ్ళ చెరువులు, కాలవలు, మడులు తిరిగి చేపలు, కప్పలు, నత్తలు తింటాయి. రాత్రికి తెచ్చి ఒక్క చెరువులో వేస్తాయి. చుట్టుపక్కల బలమంతా మోసుకొచ్చి మన తూము దగ్గర పోసే కూలీలు అనుకోండి. కూలి అడగరు, బండి బాడుగ లేదు. వేడంతాంగల్ రైతులకి ఈ సంగతి ఏ శాస్త్రవేత్తా చెప్పలేదు. పంట చూసి వాళ్ళే తెలుసుకున్నారు. పెరూ దేశం దీవుల్లో సముద్రపు నీటికాకుల రెట్ట కొండల్లా పేరుకుపోతే, 1840ల నుంచి ఐరోపా వాళ్ళు ఓడల మీద తోలుకుపోయి పొలాలకి చల్లుకున్నారు. వేడంతాంగల్ రైతుకి ఓడ అక్కర్లేదు, తూము చాలు.

చెరువు నిండా రెట్ట ఉంది కాబట్టి మూటలు కొనక్కర్లేదని నేను అనడంలేదు. ఎన్ని పిట్టలు ఉన్నాయి, చెరువులో ఎంత నీరుంది, ఏ పొలానికి ఎంత పారింది, వీటన్నిటి మీద ఆధారపడుతుంది. అట్లాంటి నీళ్ళు తాగడానికీ పనికిరావు. మడికి మాత్రం ఎరువు నీళ్ళే.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. పుస్తకం రాసినోళ్ళ వైపు.

మొదట్లో పిట్టల మీద పుస్తకాలు రాసిన దొరలందరూ తుపాకీ పట్టినోళ్ళే. ఆ రోజుల్లో పిట్టని చూడటమంటే కాల్చి, చర్మం వొలిచి, గడ్డి కూరి, పెట్టెలో పెట్టడం. వాళ్ళలో మన నెల్లూరుకి సంబంధించిన మనిషి ఒకాయన ఉన్నాడు, టి.సి. జెర్డాన్. సర్కారు డాక్టరుగా నెల్లూరులో పనిచేశాడు. 1843 నుంచి 1847 దాకా మద్రాసులో భారతదేశపు పక్షుల బొమ్మల పుస్తకం వేశాడు. బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. తర్వాత 1862-64లో "బర్డ్స్ ఆఫ్ ఇండియా" అనే పెద్ద పుస్తకం వేశాడు. అందులో చాలా పిట్టలకి తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆ పేర్లు చెప్పింది మన పల్లెల్లోని వేటగాళ్ళు, రైతులు, యానాదులు కాక ఇంకెవరు? దొర కాగితం మీద పెట్టాడు, అంతే.

ఆ పుస్తకంలోనే జెర్డాన్ ఒక ముక్క రాశాడు. కర్ణాటక సీమలో, అంటే అప్పటి లెక్కలో మన నెల్లూరు నుంచి కింద తమిళ తీరం దాకా ఉన్న ప్రాంతంలో, ఒక పల్లె నడిమధ్య పొట్టి చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్ళు కడుతున్నాయనీ, మనుషులు పక్కనే తిరుగుతున్నా లెక్కచెయ్యలేదనీ రాశాడు. గూడబాతు అంటే పెలికాన్. ముక్కు కింద సంచి వేలాడే పెద్ద పిట్ట. అంత చక్కగా రాసిన మనిషి ఆ పల్లె పేరు మాత్రం అక్కడ రాయలేదు. ఊరి పేరు, ఏడు, గూళ్ళ లెక్క ఉంటే ఈరోజు అది మనకి సాక్ష్యంగా పనికొచ్చేది. ఇప్పుడది ఒక మంచి మాటగానే మిగిలింది.

ఆయన తర్వాత ఎ.ఓ. హ్యూమ్. కాంగ్రెస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడని బళ్ళో చదువుకున్నాం కదా, ఆయనే. పిట్టల మీద "స్ట్రే ఫెదర్స్" అనే పత్రిక నడిపాడు. ఆయన ఉద్యోగం ఏంటంటే, భారత ప్రభుత్వంలో రెవెన్యూ, వ్యవసాయం, వాణిజ్య శాఖ కార్యదర్శి. దేశం మొత్తానికి వ్యవసాయం చూసే అధికారే పిట్టల లెక్క కూడా రాసుకున్నాడు. 1883లో బొంబాయిలో నేచురల్ హిస్టరీ సొసైటీ మొదలయింది. ఎనిమిది మంది కూడి పెట్టిన సంఘం అది. వాళ్ళు వేసిన పత్రిక ఈరోజుకీ వస్తోంది.

తుపాకీ నుంచి దుర్భిణీకి మారడానికి యాభై అరవై ఏళ్ళు పట్టింది. ఆ మార్పులో సలీం అలీది పెద్ద చెయ్యి. 1931లో ఆయన, ఆయన భార్య తెహ్మీనా కలిసి నైజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. ఇప్పటి తెలంగాణ పల్లెలెన్నో అందులో ఉన్నాయి. 1941లో ఆయన రాసిన "ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్" వచ్చింది. మామూలు మనిషి కూడా బొమ్మ చూసి పిట్ట పేరు చెప్పగలిగేది ఆ పుస్తకంతోనే. 1960 ప్రాంతంలో జాఫర్ ఫతేఅలీ పక్షులు చూసేవాళ్ళ కోసం చిన్న పత్రిక మొదలెట్టాడు. ఎవరు ఏ ఊళ్ళో ఏ పిట్ట చూసినా రాసి పంపొచ్చు. బడి పంతులు, బ్యాంకు గుమాస్తా, రైల్వే ఉద్యోగి, అందరూ రాశారు. 1980లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ పుట్టింది. వాళ్ళ పత్రిక పేరు మన తెలుగు మాటే, "పిట్ట". ఇప్పుడు ఆ సంఘమే దక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. తెల్లారి నాలుగింటికి లేచి చెరువు మీదకి పోయి, ఏ పిట్ట ఎన్ని ఉన్నాయో రాసుకుని వస్తారు. అదే వాళ్ళ పని.

కాబట్టి చరిత్రలో రెండు దారులు ఉన్నాయి. ఒకటి కాపలా దారి, ఊరివాళ్ళది. రెండోది లెక్క దారి, పుస్తకం పట్టినోళ్ళది. చాలా కాలం ఈ రెండూ ఒకదాన్నొకటి కలవలేదు. కలవకపోతే ఏమవుతుందో మన గోదావరి జిల్లా చూపించింది.

1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ మాస్టారు పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల స్థావరాన్ని చూశాడు. ఆ మాస్టారే తర్వాత ఇందుచూడన్ పేరుతో కేరళ పక్షుల మీద మలయాళంలో పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆరేడు గురించి ఆయన రాసిన వ్యాసం 1949లో బొంబాయి సొసైటీ పత్రికలో అచ్చయింది. దేశంలో పిట్టలు తెలిసినవాళ్ళందరికీ ఆరేడు పేరు తెలిసింది. కొల్లేరు దగ్గరే కదా, పిట్టలకి మేత అక్కడ, గూడు ఇక్కడ. అంత పేరున్న స్థావరం ముప్పై ఏళ్ళు నిలవలేదు. 1970లలో పిట్టలు ఆ చోటు వదిలిపోయాయి. 1978లో అదే పత్రికలో ఇంకొకరు రాసిన వ్యాసం పేరే "పోయిన గూడబాతుల స్థావరం" అని. పుట్టిన కబురూ పోయిన కబురూ అదే పత్రికలో, ఇంగ్లీషులో అచ్చయ్యాయి. మధ్యలో జరిగింది ఆపడానికి బొంబాయిలో పత్రిక ఉంటే చాలదు. ఊళ్ళో ఎవరో ఒకరు చెట్టు కొట్టబోయినోడి గొడ్డలి పట్టుకోవాలి.

కొల్లేరు కథ ఆ తర్వాత ఇంకా చిక్కుపడింది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు అందులోకి వచ్చి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1970ల చివర్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. తర్వాత పెట్టుబడిదారులు దిగారు, కట్టల మీద కట్టలు లేచాయి. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో కట్టలు పగలగొట్టారు. జిరాయితీ పట్టాలున్న పొలాలు కూడా ఆ హద్దులో పడ్డాయి. హద్దు మూడో కాంటూరుకి తగ్గించమని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఆ తగువు తెగలేదు.

ఈ మొత్తంలో ఎవరిది తప్పు అని నేను తీర్పు చెప్పబోను. ఒక్కటి గమనించండి. వేడంతాంగల్‌లో కాగితం అడిగింది ఊరు. కొల్లేట్లో కాగితం వచ్చింది పైనుంచి. అక్కడ ఊరే పిట్టని కాచింది. ఇక్కడ ఊరూ పిట్టా ఎదురు పార్టీలయ్యారు. పెట్టుబడి పెట్టినోడు ఇంకోచోటికి పోయాడు. వల వేసుకుని బతికే చిన్నోడికి, ఎకరం పట్టా ఉన్నోడికి పోవడానికి చోటు లేదు. పిట్ట పేరు చెబితే ఆ మనిషికి కడుపు మండదా? మండుతుంది. కైకలూరు దగ్గర ఆటపాకలో అడవి శాఖ ఇనుప స్టాండ్లు వేసి గూడబాతులకి గూళ్ళ చోటు చూపించింది, పిట్టలు మళ్ళీ వచ్చాయి. సంతోషమే. కానీ ఇనుప స్టాండుకి తుప్పు పడితే మార్చడానికి ప్రతిసారీ సర్కారే రావాలి.

రెండు దారులూ కలిసిన ఊరు కూడా ఒకటుంది. కర్ణాటకలో మండ్య జిల్లా మద్దూరు తాలూకా కొక్కరె బెళ్ళూరు. కొక్కరె అంటే కన్నడంలో కొంగ. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెరువులో కాదు, ఊళ్ళోనే, ఇళ్ళ పెరట్లో చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. మేతకి చుట్టుపక్కల చెరువులకి, వాగులకి పోతాయి. ఊరివాళ్ళు ఆ పిట్టల్ని ఆడపడుచులు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు చూసుకుంటారు. కానీ చింతచెట్టు మీద గూడుంటే చింతకాయ కొయ్యడానికి లేదు. అది ఇంటికి నష్టం. 1976లో నెగినహాళ్ అనే అడవి అధికారి ఈ ఊరిని గుర్తించి బయటి లోకానికి చెప్పాడు. తర్వాత చెట్టుకింత అని అడవి శాఖ పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. పిట్టని కాచినందుకు రైతుకి నష్టం ఉందని, అది ఊరికే భరించమనడం న్యాయం కాదని ఒప్పుకున్నారన్నమాట.

1994లో మైసూరు నుంచి ప్రకృతి ప్రేమికుల బృందం ఒకటి అక్కడికి వచ్చింది. ఫోటోలు తీసుకుని పోలేదు. ఊరి కుర్రాళ్ళతో కలిసి "హెజ్జార్లె బళగ" అని సంఘం పెట్టారు. హెజ్జార్లె అంటే గూడబాతు, బళగ అంటే చుట్టాల బలగం. గూడబాతు బంధువులు అన్నమాట. గూళ్ళు లెక్కపెట్టడం, గాలికి కింద పడ్డ పిల్లల్ని దొడ్లో పెట్టి చేపలు మేపి ఎగరగానే వదలడం, ఇదంతా ఆ కుర్రాళ్ళే చేశారు. 2007లో ఆ చోటుని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు.

అక్కడి రైతుల పని ఒకటి నాకు మహా నచ్చింది. గూళ్ళున్న చెట్టు కింద వెడల్పుగా గొయ్యి తీస్తారు. చెరువు మట్టి, వాగు ఒండ్రు తెచ్చి అందులో పోస్తారు. సీజనంతా రెట్ట దాని మీద పడుతుంది. పిట్టలు పోయాక ఆ మట్టి తవ్వి పొలానికి తోలుకుంటారు, మిగిలితే అమ్ముకుంటారు. మనం పెంటదిబ్బ వేసుకోమా, అట్లాగే. చింతకాయ పోయిన నష్టంలో కొంత ఈ మట్టితో పూడుతుంది.

ఇక మన సంగతి. నేలపట్టు చెరువు 1976 నుంచి అభయారణ్యం. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వానలు పడి చెరువు నిండితే, నీళ్ళలో నిలబడే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. మార్చి దాకా ఉంటాయి. మన నాట్లూ ఆ వానతోనే, వాటి గూళ్ళూ ఆ వానతోనే. వాన లేకపోతే ఇద్దరికీ లేదు. పక్కనే పులికాట్‌లో రాజహంసలు. 2001 నుంచి సూళ్ళూరుపేటలో వాటి పేరున పండగ కూడా జరుగుతోంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా ఊరి మధ్యనే ఈ పిట్టలు గూళ్ళు కడతాయి. జెర్డాన్ చెప్పిన పేరులేని పల్లె లాంటి ఊళ్ళు మనకి ఇప్పటికీ మిగిలున్నాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు దక్షిణాదిలోని గూడబాతుల స్థావరాలు తిరిగి సర్వే చేసి 1983లో అచ్చువేశారు. అట్లాంటి లెక్క ఎందుకు కావాలో ఒక చిన్న ఉదాహరణ చెబుతా. మన పేపర్లలో, బోర్డుల మీద "సైబీరియా నుంచి వచ్చిన పక్షులు" అని రాస్తారు. మనమూ అదే అంటాం. బాతుల్లో కొన్నిటికి అది నిజం. సూదితోక బాతు, గరిటమూతి బాతు ఉత్తరాన చలిదేశాల నుంచి వస్తాయి, ఇక్కడ గుడ్లు పెట్టవు, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి. కానీ నేలపట్టులో గూడు కట్టే గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ మన దేశపు పిట్టలే. నీళ్ళెక్కడుంటే అక్కడికి చెరువు మార్చి చెరువు తిరుగుతాయి, పిల్లల్ని మన దగ్గరే చేసుకుంటాయి. ఈ తేడా పెద్దది. ఎక్కడో సైబీరియా చుట్టం అయితే ఈ ఏడు రాకపోయినా అక్కడే ఉందిలే అనుకుంటాం. మన పిట్ట అయితే మన చెరువు పోతే దాని పుట్టిల్లే పోయినట్టు. ఇది తెలిసింది దుర్భిణీ పట్టుకుని ఏళ్ళ తరబడి రాసుకున్నవాళ్ళ వల్లే.

అదే మాదిరిగా పుస్తకం వాళ్ళకి తెలియంది మనోళ్ళకి తెలిసిన సందర్భమూ ఉంది. జెర్డాన్ పేరు పెట్టుకున్న కలివికోడి నీటి పిట్ట కాదు, పొదల్లో తిరిగేది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందని పుస్తకాలు రాసేశాయి. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దొరికేలా చేసింది ఆ ఊరి పిట్టలు పట్టే మనిషే. పుస్తకానికి ఎనభై ఆరేళ్ళు లేని పిట్ట, ఆ అడివిలో తిరిగేవాళ్ళ నోట్లో పేరుతో సహా బతికుంది.

అందుకే నేను అడిగేది, చెరువున్న ప్రతి ఊళ్ళో పిట్టల సంఘం ఒకటి ఎందుకు ఉండకూడదు? దానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు, దుర్భిణీ కూడా వెంటనే అక్కర్లేదు. నలుగురు రైతులు, బడికి పోయే ఇద్దరు పిల్లలు, ఒక రెండొందల పేజీల పుస్తకం చాలు. నెలకొకసారి ఒకే రోజు, పొద్దున ఒకే టైముకి కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. తేదీ, చెరువులో నీటి మట్టం, ఏ పిట్ట ఎన్ని, గూళ్ళు ఎన్ని. పేరు తెలియకపోతే మీ ఊళ్ళో ఏమంటారో అదే రాయండి. తూము ఎప్పుడు ఎత్తారు, కలుజు ఎప్పుడు పారింది, చేపల పాట ఎవరికి పోయింది, ఇవి కూడా పక్కన రాయండి. ఒక ఏడు లెక్క చూస్తే ఏమీ కనపడదు. ఐదేళ్ళ లెక్క చూస్తే చెరువు ఆరోగ్యం కనపడుతుంది.

జనవరిలో ఆసియా మొత్తం ఒకేసారి నీటిపక్షుల గణన జరుగుతుంది. మన దేశంలో 1987 నుంచి ఉంది. జీతం లేకుండా ఇష్టం కొద్దీ వచ్చేవాళ్ళే లెక్కపెడతారు. తమిళనాట పొంగల్ నాలుగు రోజులూ పిట్టల లెక్క పెట్టుకునే అలవాటు కూడా వచ్చింది. మన సంక్రాంతీ అదే సమయం కదా. కోడిపందేలకి పోయే దారిలో చెరువు కట్ట ఎట్లాగూ తగులుతుంది.

ఈ లెక్క దేనికి పనికొస్తుందంటే, రేపు ఎవరో చెరువు శిఖంలో మట్టి పోసి ప్లాట్లు వేస్తామని వస్తే, "ఇక్కడ పిట్టలేమీ లేవు" అని కాగితం రాయించుకుని వస్తారు. అప్పుడు నువ్వు నోటితో "ఉన్నాయి సారూ" అంటే వినేవాడు లేడు. ఐదేళ్ళ పుస్తకం బల్ల మీద పెడితే వినాలి. వేడంతాంగల్ చుట్టూ ఉన్న ఐదు కిలోమీటర్ల హద్దుని మూడుకి తగ్గించాలని 2020లో ప్రతిపాదన వచ్చింది. జనం గట్టిగా అడ్డుపడ్డారు, అది ఆగింది. రెండొందల ఏళ్ళ చరిత్ర, ఏళ్ళ తరబడి రాసిన పక్షుల లెక్క వాళ్ళ చేతిలో ఉన్నాయి. చెరువు పోతే పిట్ట ఇంకో చెరువు వెతుక్కుంటుంది. ఆయకట్టు రైతు ఎక్కడికి పోతాడు? పిట్ట పేరుతో నిలబడేది మన నీళ్ళే.

పిట్టలు చూడటానికి పట్నం నుంచి వచ్చే అన్నలకి, అక్కలకి కూడా ఒక మాట. మీరు రాసుకున్న లెక్క మీ దగ్గరే పెట్టుకోకండి. తెలుగులో ఒక కాగితం మీద రాసి ఆ ఊరి పంచాయతీకో, బడికో ఇచ్చి పోండి. ఆరేడు గురించి రాసినదంతా ఇంగ్లీషులో బొంబాయిలో ఉంది. అందులో కొంత తెలుగులో ఆరేడులోనే ఉండి ఉంటే, అక్కడి చెట్ల విలువ ఇంకో నలుగురికి తెలిసి ఉండేది. అలాగే పిట్టల వల్ల రైతుకి వచ్చే నష్టం కూడా రాయండి. చింతకాయ పోయింది, చేప పోయింది, చేపల పాటలో ఊరికి రావాల్సిన డబ్బు తగ్గింది. ఆ నష్టం లెక్కలో లేకపోతే పరిహారం అడగడానికి ఆధారం ఉండదు. నష్టమంతా ఊరిది, పేరంతా పిట్టది అయితే కొల్లేరు తగువు ప్రతి చెరువు మీదా లేస్తుంది.

మన వైపు నుంచి కూడా కొన్ని పట్టింపులు ఉండాలి. గుళికల మందు కలిపిన గింజలు చెరువు అంచున చల్లి బాతుల్ని పట్టేవాళ్ళని ఊరు ఊరుకోకూడదు. ఆ విషం బాతుతో ఆగదు, దాన్ని కొనుక్కుని తిన్నోడికీ, ఆ నీళ్ళు తాగిన గొడ్డుకీ చేరుతుంది. గూళ్ళున్న కాలంలో చెరువులోని చెట్టు కొట్టకూడదు. తమిళనాడులో శివగంగ జిల్లా వేట్టంగుడి చెరువు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిట్టలు బెదురుతాయని దీపావళికి టపాసులే కాల్చరు. అంత మనం చెయ్యలేకపోయినా చెరువు కట్ట మీద డీజే పెట్టకుండా ఉండగలం.

1798లో వేడంతాంగల్ రైతులకి చదువు లేదు, ఫోను లేదు, ఓటు లేదు. దొరతనం ముందు నిలబడి పిట్టల కోసం కౌలు రాయించుకున్నారు, తరాలు మారినా దాన్ని దాచుకున్నారు. మనకి చదువుంది, ఫోనుంది, గ్రామసభ ఉంది. వచ్చే గ్రామసభలో చెరువు మాట వచ్చినప్పుడు పిట్టల పుస్తకం ఒకటి పెడదామని మీ ఊళ్ళో ఒకరు లేచి అంటే చాలు. మీ చెరువు మీద ఇప్పుడు ఏ పిట్టలు ఉన్నాయో, వాటిని మీ ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారో నాకు కూడా రాయండి. మా పుస్తకంలో ఎక్కించుకుంటాం.